నాన్న పోయాక డబ్బు పనులు: అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చేయాల్సినవి

నాన్న పోయిన ఇంట్లో మూడో రోజు నుంచే రెండు రకాల మాటలు నడుస్తుంటాయి. హాల్లో వచ్చినవాళ్లందరూ "ఎలా జరిగింది, ముందు ఏమీ తెలియలేదా" అని అడుగుతుంటారు, అమ్మ అదే సంగతి మళ్లీ మొదటి నుంచి చెబుతుంటుంది. మేడ మీదో వరండాలోనో మగవాళ్లు గొంతు తగ్గించి అప్పులేమైనా ఉన్నాయా, పాలసీలు ఉన్నాయా, పొలం ఎవరి పేరు మీద ఉంది అని మాట్లాడుకుంటుంటారు. ఈ రెండో మాటలు అమ్మ దాకా రావు. "బాధలో ఉంది, ఇప్పుడు ఆవిడకెందుకు ఇవన్నీ" అంటారు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. డబ్బుకు సంబంధించిన ఏ మాటైనా అమ్మ ముందే జరగాలి, ఏ కాగితమైనా ఆమె చూశాకే కదలాలి. వారసుల్లో ఆమె ఒకరు, చాలావాటికి నామినీ ఆమే, పింఛను వచ్చేదీ ఆమెకే, ఇక మీదట ఆ ఇంటిని నడపాల్సిందీ ఆమే. దుఃఖంలో ఉన్న మనిషికి లెక్కలు తలకెక్కవని అనుకుంటాం గానీ, ఏమీ తెలియకపోవడమే ఆమెకు ఎక్కువ టెన్షన్. రెండు లక్షల అప్పుందని తెలిస్తే ఏడుస్తుంది, తెల్లారి లేచి ఏం చేద్దామని అడుగుతుంది. ఎంతుందో తెలియకపోతే మాత్రం రాత్రంతా నిద్ర పట్టదు.

మన ఊళ్లలో ఉద్యోగమో వ్యవసాయమో చిన్న వ్యాపారమో చేసుకుంటూ, సంపాదనంతా ఒక్కడే తెస్తూ, కాగితాలన్నీ తన బీరువాలోనే పెట్టుకుని, ఎవరికీ పెద్దగా చెప్పకుండా వెళ్లిపోయిన నాన్నల ఇళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

కర్మ అయ్యేలోపు

ఈ రోజుల్లో చేయాల్సినవి నిజానికి చాలా తక్కువ, వాటిలో మొదటిది మరణ నమోదు. చనిపోయిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఫీజు ఉండదు. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రివాళ్లే సమాచారం పంపాలి, అయినా పంపారో లేదో కనుక్కోండి. ఇంట్లో పోతే పల్లెలో పంచాయతీ కార్యదర్శికి, పట్నంలో మున్సిపాలిటీకి మనమే చెప్పాలి. 30 రోజులు దాటితే అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి, అప్పుడు తిరగడం మొదలవుతుంది. సర్టిఫికెట్‌లో పేరు అక్షరం అక్షరం చూడండి. మన దగ్గర ఒకే మనిషి ఆధార్‌లో వెంకటేశ్వరరావు, పాసుపుస్తకంలో వెంకటేశ్వర్లు, పాలసీ బాండులో ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంటాడు. మరణ పత్రంలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే పడేలా చూసుకోండి, తప్పు పడితే అప్పుడే దిద్దించండి. ఒరిజినల్ కాపీలు ఒక పది తీసుకోండి, ప్రతి ఆఫీసూ ఒకటి అడుగుతుంది.

రెండోది ఫోను. నాన్న సిమ్ తీసేయకండి, రీచార్జ్ ఆపకండి, ఆ ఫోను పిల్లల చేతికి ఇవ్వకండి. బ్యాంకు మెసేజ్‌లు, ప్రీమియం కట్టమని గుర్తుచేసే మెసేజ్‌లు, బాకీ ఉన్నవాళ్ల ఫోన్లు అన్నీ దానికే వస్తాయి. చాలా ఇళ్లలో ఒక పాలసీ ఉందన్న సంగతి ఆ మెసేజ్ వల్లే బయటపడుతుంది. అలాగని ఆ ఫోనుతో డబ్బు పంపించుకోవడం, ఆయన ఏటీఎం కార్డుతో డబ్బు తీయడం వద్దు. పిన్ అందరికీ తెలిసిందే కావచ్చు, ఖర్చులూ ఉంటాయి, నిజమే. కానీ మనిషి పోయాక ఆ డబ్బు వారసులందరిదీ అవుతుంది, రేపు అన్నదమ్ముల మధ్య మాట వస్తే ఆ స్టేట్‌మెంటే ముందు పెడతారు. అమ్మా నాన్నా ఇద్దరి పేర్లూ ఉండి, ఎవరో ఒకరు లేదా మిగిలినవారు తీసుకోవచ్చు అనే షరతుతో ఉన్న జాయింట్ అకౌంట్ అయితే అమ్మ మామూలుగానే వాడుకోవచ్చు.

ప్రమాదంలో పోయి ఉంటే ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు కాపీలు అప్పుడే అడిగి తీసుకోండి. ఇవి లేకుండా ప్రమాద బీమా ఏదీ రాదు. రోడ్డు ప్రమాదమైతే నష్టపరిహారం కేసు ఆరు నెలల్లోపే వేసేలా చూసుకోండి.

ఇక కర్మ ఖర్చు. దీని గురించి మాట్లాడటానికి అందరూ మొహమాటపడతారు, అందుకే ఇక్కడే చాలా ఇళ్లు మొదటి కొత్త అప్పు చేస్తాయి. పెద్దకర్మకు ఊరంతా భోజనాలు, బంధువులకు బట్టలు, దానాలు, "ఆయన పేరుకు తగ్గట్టు చేయాలి" అనే పెద్దలు. అమ్మనే అడగండి, ఎంతలో చేద్దామని. ఆమె చెప్పిన అంకె దగ్గర ఆగండి. ఆ మాట బయటివాళ్లకు చెప్పడానికి ఇంట్లో ఒకరిని నియమించుకోండి, మేనమామో పెదనాన్నో గట్టిగా మాట్లాడగలిగినవారైతే మంచిది. తద్దినం భోజనానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన ఇళ్లు నాకు తెలుసు, ఆ నాన్నలెవరూ దానికి ఒప్పుకునేవాళ్లు కాదు. పదకొండో రోజున అమ్మకు పసుపు కుంకుమ తీసే తంతు విషయంలో కూడా ఆమె మాటే చివరి మాట కావాలి. వద్దంటే వద్దు. పక్కింటి పెద్దావిడ ఏమనుకుంటుందన్నది లెక్కలోకి రాకూడదు.

ఈ రోజుల్లో ఎవరు ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టకండి, అమ్మ చేత పెట్టించకండి. "ఊరికే ఫార్మాలిటీ" అన్నా సరే, సొంత బాబాయి తెచ్చినా సరే.

బీరువా తెరిచే పూట

జనం వెళ్లిపోయాక, ఇల్లు బోసిగా అనిపించే ఆ మొదటి వారంలో ఒక పూట పెట్టుకోండి. అమ్మ, పిల్లలందరూ, అమెరికాలోనో దుబాయిలోనో ఉన్నవాళ్లుంటే వీడియో కాల్‌లో. బయటివాళ్లు వద్దు. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని ఎడమ పేజీలో రావాల్సినవి, కుడి పేజీలో ఇవ్వాల్సినవి రాస్తూ పోండి.

బీరువాలో దొరికేవి మనకు తెలిసినవే. ఎల్‌ఐసీ ఏజెంటు ఇచ్చిన ప్లాస్టిక్ ఫోల్డరు, పాత పాసుపుస్తకాలు, రబ్బరు బ్యాండు చుట్టిన కరెంటు రసీదులు, బంగారం తాకట్టు పెట్టిన చీటీ, జేబు డైరీ. ఆ జేబు డైరీని తొందరపడకుండా చదవండి. "తాపీమేస్త్రి 20–2" అని ఉందనుకోండి, ఇరవై వేలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అని అర్థం. పక్కన టిక్కు ఉందా, కొట్టేసి ఉందా, తేదీ ఉందా చూడండి. ఇచ్చిందా తీసుకుందా అన్నది అమ్మకు గుర్తుండొచ్చు, "మేస్త్రి కూతురి పెళ్లికి ఇచ్చారు" అని ఆమే చెబుతుంది. ఇలాంటి చోటే అమ్మ పక్కనుండటం ఎంత అవసరమో తెలుస్తుంది, ఏ బ్యాంకులోనూ లేని లెక్క ఆమె దగ్గర ఉంటుంది. ఆ చేతిరాత చూసి అందరికీ ఏడుపొస్తుంది. రానివ్వండి, కాసేపు ఆగి టీ తాగి మళ్లీ మొదలుపెట్టండి. ఒక్క పూటలో అవ్వకపోతే ఇంకో పూట.

పాసుపుస్తకాల్లో రెండు చిన్న అంకెల కోసం వెతకండి: మే, జూన్ నెలల్లో 436 రూపాయలు, 20 రూపాయలు కట్ అయ్యాయా అని. 436 అంటే ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా. 55 ఏళ్లలోపు ఏ కారణంతో పోయినా 2 లక్షలు వస్తాయి. 20 అంటే సురక్షా బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. ఎప్పుడో బ్యాంకులో సంతకం పెట్టి మరిచిపోయిన నాన్నలు లెక్కలేనంతమంది. క్లెయిమ్ ఆ బ్యాంకు బ్రాంచిలోనే వేయాలి. ఆలస్యం చేయకండి, నెల లోపలే కాగితాలు ఇవ్వండి.

రావాల్సిన డబ్బు

ముందు మీసేవలో, ఆంధ్రలో అయితే గ్రామ, వార్డు సచివాలయంలో, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు పెట్టండి. తహసీల్దార్ ఇస్తారు. దాంట్లో నాన్నమ్మ బతికి ఉంటే ఆమె పేరు, పెళ్లయిన ఆడపిల్లల పేర్లు తప్పనిసరిగా ఉండాలి. వదిలేస్తే తర్వాత ప్రతిచోటా అదే చిక్కు. నామినీ లేని పెద్ద మొత్తాలకు కొన్నిచోట్ల కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ అడుగుతారు, దానికి నెలలు పడుతుంది, కాబట్టి నామినీ ఉన్నవి ముందు తెచ్చుకోండి.

బ్యాంకులో నామినీ ఉంటే పని తేలిక. క్లెయిమ్ ఫారం, మరణ పత్రం, నామినీ గుర్తింపు కార్డు ఇస్తే చాలు, అన్ని కాగితాలూ అందాక 15 రోజుల్లో పరిష్కరించాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఒక్క సంగతి ఇంట్లో అందరికీ స్పష్టంగా ఉండాలి: నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, సొంతదారు కాదు. తమ్ముడు నామినీ అయినంత మాత్రాన ఆ డిపాజిట్ తమ్ముడిది అయిపోదు, వారసులందరికీ వాటా ఉంటుంది. నాన్నకు పాత ఊళ్లో, పాత ఉద్యోగంలో అకౌంట్లు ఉండి మరిచిపోయారేమో అనిపిస్తే రిజర్వ్ బ్యాంకు ఉద్గమ్ పోర్టల్‌లో ఆయన పేరుతో వెతకండి, పదేళ్లు కదలని డిపాజిట్ల వివరాలు అక్కడ ఉంటాయి.

ఎల్‌ఐసీ పాలసీ ఏ బ్రాంచిలో ఉందో అక్కడికి వెళ్లాలి. బాండు, మరణ పత్రం, నామినీ బ్యాంకు వివరాలు, క్లెయిమ్ ఫారాలు. పాలసీ తీసుకుని మూడేళ్లు కాకపోతే విచారణ చేస్తారు, ఆసుపత్రి కాగితాలు అడుగుతారు, కంగారు పడనక్కర్లేదు. మూడేళ్లు దాటిన పాలసీని ఆరోగ్యం దాచారన్న సాకుతో తిరస్కరించడానికి బీమా చట్టం ఒప్పుకోదు. ప్రీమియం ఆగిపోయిన పాలసీ అని బాండు చించేయకండి, కొన్నేళ్లు కట్టి ఉంటే ఎంతో కొంత వస్తుంది, ఒక్కోసారి పూర్తి మొత్తమే రావచ్చు. ఏ బీమా కంపెనీ అయినా కాదంటే కారణం రాతలో అడగండి. ఆంధ్ర, తెలంగాణ రెండింటికీ బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, ఫిర్యాదుకు ఫీజు లేదు, కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి.

ప్రైవేటు ఉద్యోగంలో ఉండగా పోతే పీఎఫ్ ఒక్కటే కాదు, దాని వెంట ఇంకో రెండు ఉంటాయి. ఫారం 20 పీఎఫ్ డబ్బుకు, ఫారం 10డీ పింఛనుకు, ఫారం 5ఐఎఫ్ బీమాకు. ఈ మూడింటికీ కలిపి ఒకే ఫారం కూడా ఉంది. ఆ బీమాకు ఉద్యోగి విడిగా ఏమీ కట్టడు కాబట్టి ఎవరికీ గుర్తుండదు, కానీ ఉద్యోగంలో ఉండగా పోతే గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. పింఛను కనీసం నెలకు 1,000, చిన్నదే, అయినా అమ్మకు జీవితాంతం ఉంటుంది, దానికి తోడు 25 ఏళ్లలోపు పిల్లల్లో ఇద్దరికి అమ్మ పింఛనులో నాలుగో వంతు చొప్పున విడిగా ఇస్తారు. గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు ఉండాలన్న షరతు మరణం విషయంలో వర్తించదు. రెండేళ్లే పనిచేశారు, ఏమీ రాదు అని కంపెనీ హెచ్‌ఆర్ అంటే ఒప్పుకోకండి.

ప్రభుత్వ ఉద్యోగి అయితే కుటుంబ పింఛను, కారుణ్య నియామకం (ఇంట్లో ఒకరికి ఉద్యోగం) రెండూ ఉన్నాయి. కారుణ్య నియామకానికి దరఖాస్తు ఏడాదిలోపు పడాలి, ఎవరు తీసుకోవాలన్న గొడవలో ఆ ఏడాది గడిచిపోనివ్వకండి. రిటైరైన ఉద్యోగి అయితే ట్రెజరీకి వెంటనే తెలియజేయండి, ఆయన పేరున ఎక్కువ జమైన పింఛను తర్వాత అమ్మ పింఛనులోంచే కోస్తారు.

తెలంగాణలో పొలం ఉన్న రైతు 18 నుంచి 59 ఏళ్ల మధ్య పోతే 2018లో మొదలైన రైతు బీమా కింద 5 లక్షలు, ఏ కారణంతో పోయినా సరే. మండలంలో వ్యవసాయ విస్తరణ అధికారికి వెంటనే చెప్పాలి. పేద కుటుంబంలో సంపాదించే మనిషి ఇదే వయసులో పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 ఒకేసారి ఇస్తారు, దరఖాస్తు తహసీల్దార్ ఆఫీసులో. వితంతు పింఛను ఆంధ్రలో 2024 జులై నుంచి నెలకు 4,000, తెలంగాణలో కూడా ఉంది. తండ్రి లేని పిల్లల చదువుకు మిషన్ వాత్సల్య కింద నెలకు ఒక్కొక్కరికి 4,000 ఇచ్చే స్పాన్సర్‌షిప్ ఉంది, ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, పట్నాల్లో 96,000 దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగాలి. దీని గురించి ఊళ్లో చెప్పేవాళ్లే ఉండరు, అంగన్‌వాడీ టీచర్‌ని అడిగితే దారి చెబుతారు. భవన నిర్మాణ పనివాళ్లకు లేబర్ కార్డు, ఈఎస్‌ఐ కార్డు ఉన్నవాళ్లకు అంత్యక్రియల ఖర్చు, ఇలాంటివన్నీ కార్డు చేతిలో పట్టుకుని వెళ్లి అడిగితేనే వస్తాయి.

వెళ్లిన ప్రతిచోటా రసీదు తీసుకోండి. నోట్‌బుక్‌లో తేదీ, ఆఫీసు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు అన్నది రాయండి. అమ్మను కూడా తీసుకెళ్లండి. మొదట్లో రానంటుంది, నలుగురూ చూస్తారంటుంది. రెండు మూడుసార్లు వెళ్లాక ఏ కౌంటర్‌లో ఎవరిని అడగాలో ఆమే చెబుతుంది.

ఇవ్వాల్సిన డబ్బు

తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్నది మన దగ్గర నరనరానా ఉన్న మాట. మంచి మాటే, కాదనను. కానీ చట్టం ఏం చెబుతుందో తెలుసుకుని తర్వాత మంచి పని చేయండి. నాన్న వదిలి వెళ్లిన ఆస్తి ఎంతో అంత వరకే ఆయన అప్పుకు వారసుల బాధ్యత. ఆయన ఏ ఆస్తీ వదలకపోతే మీ జీతం నుంచి, అమ్మ పుట్టింటి బంగారం నుంచి వసూలు చేసే హక్కు అప్పిచ్చినవాళ్లకు లేదు. ఒక్క మినహాయింపు: మీరో అమ్మో ఆ అప్పులో కో-అప్లికెంట్‌గానో షూరిటీగానో సంతకం పెట్టి ఉంటే అప్పుడు అది మీ అప్పు కూడా. హౌసింగ్ లోన్‌లో సాధారణంగా అమ్మ పేరు ఉంటుంది, చూసుకోండి. అదే లోన్‌కు ఇచ్చేటప్పుడే బీమా చేయించి ప్రీమియం లోన్‌లోనే కలిపేసి ఉంటారు చాలాసార్లు. శాంక్షన్ లెటర్ తీసి చదవండి, బ్యాంకువాళ్లు తమంతట తాము చెబుతారని ఎదురుచూడకండి. బీమా ఉంటే కట్టాల్సిన మిగతా లోన్ దాంతోనే తీరొచ్చు.

క్రెడిట్ కార్డు, పర్సనల్ లోన్ వాళ్లకు మరణ పత్రం కాపీతో మెయిల్ పెట్టండి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదన్నది రిజర్వ్ బ్యాంకు మాట. అమ్మ ఫోన్‌కు చేసి బెదిరిస్తే నంబర్లు రాసుకుని బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. "మీ నాన్నగారి పాలసీ బోనస్ వచ్చింది, ముందు జీఎస్టీ కట్టండి" అనే ఫోన్లు కూడా వస్తాయి. అవన్నీ మోసమే, మాట్లాడకుండా పెట్టేయండి.

ప్రో నోట్ల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన పల్లెల్లో, చిన్న పట్నాల్లో అసలు భారం ఇక్కడే ఉంటుంది. కర్మ రోజున భోజనం చేసి వెళ్తూ ఒకాయన మిమ్మల్ని పక్కకు పిలిచి "నాన్నగారు నా దగ్గర మూడు లక్షలు తీసుకున్నారు బాబూ, ఇప్పుడు అడగట్లేదు, తెలియాలని చెప్పాను" అంటాడు. "అలాగేనండీ, కాగితాలు చూసి అమ్మతో మాట్లాడి చెబుతాం" అనండి, అంతకుమించి ఒక్క మాటా వద్దు. తర్వాత నోటు ఒరిజినల్ చూపించమనండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. సంతకం నాన్నదేనా, సాక్షులెవరు, తేదీ ఎంత, వెనక చెల్లు (కొంత కట్టినట్టు సంతకంతో రాసింది) ఉందా. నోటు రాసిన నాటి నుంచో, ఆఖరి చెల్లు నుంచో మూడేళ్లు దాటితే కోర్టులో అది నిలవదు. అందుకే కొందరు "ఒక వెయ్యి ఇచ్చి వెనక సంతకం పెట్టండి చాలు" అనో, "పాత నోటు చించేద్దాం, మీ పేరున కొత్తది రాయండి" అనో అడుగుతారు. పెట్టకండి, రాయకండి. కొత్త నోటు రాసిన క్షణం నుంచి అది మీ సొంత అప్పు అయిపోతుంది, నాన్న ఆస్తి వరకే అన్న రక్షణ పోతుంది.

కాగితం లేకపోయినా డైరీలో ఉన్న అప్పు, అమ్మకు తెలిసిన అప్పు తీర్చాలనుకుంటే తీర్చండి, నేనైతే తీర్చమనే అంటాను, పాలవాడి బాకీ, కూలీల బాకీ ముందు. మిగతావాళ్లకు, రావాల్సిన డబ్బులు వచ్చాక, వడ్డీ ఆపించుకుని అసలు విడతలుగా ఇస్తామని చెప్పొచ్చు. మనిషి పోయిన ఇంటి దగ్గర చాలామంది దానికి ఒప్పుకుంటారు. తీర్చిన రోజున నోటు వెనక్కి తీసుకోకుండా రాకండి.

వడ్డీల్లో ఏది ముందు తీర్చాలన్నదానికి లెక్క సులువు. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. బ్యాంకు గోల్డ్ లోన్ వడ్డీ దానికంటే చాలా తక్కువ. చేతి అప్పు మీద వడ్డీ పెరుగుతుంటే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి కూర్చోవడంలో అర్థం లేదు. నాన్న తాకట్టు పెట్టిన బంగారం ఉంటే గడువు ఎప్పుడో కనుక్కుని వడ్డీ అయినా కట్టండి, లేకపోతే వేలానికి పోతుంది. చీటీలు ఉంటే పాట పాడి ఎత్తారా లేదా అడగండి. ఎత్తితే మిగిలిన వాయిదాలు కట్టాలి, ఎత్తకపోతే అది మనకు రావాల్సిన డబ్బు, అమ్మ పేరుకు మార్పించుకోండి. ఊళ్లో నోటిమాట మీద నడిచే చీటీ అయితే మిగతా సభ్యుల ముందే లెక్క తేల్చుకోండి. నాన్న వేరేవాళ్లకు షూరిటీ పడ్డ కాగితాలు ఏమైనా ఉన్నాయేమో కూడా చూడండి.

ఇల్లు, పొలం

ఏడాది పాటు ఏదీ అమ్మకండి, పంచకండి. పిల్లల ఫీజుకో అప్పుకో తప్పనిసరి అయితే తప్ప. నాన్న సొంతంగా సంపాదించిన ఆస్తి వీలునామా లేకుండా ఉంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, కొడుకులు, కూతుళ్లు, బతికుంటే నాన్నమ్మ, అందరికీ సమాన వాటా. ఆడపిల్లలకు పూర్వీకుల ఆస్తిలో కూడా హక్కు ఇవ్వడం దేశం కంటే ముందు మన దగ్గరే మొదలైంది, ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 నుంచే అమల్లో ఉంది. అయినా ఇప్పటికీ కర్మ రోజునే "చెల్లీ, ఒక సంతకం పెట్టు" అని హక్కు విడుదల కాగితం ముందు పెట్టే ఇళ్లు ఉన్నాయి. తండ్రి పోయిన ఆడపిల్లకు పుట్టిల్లు కూడా పోయినట్టు అనిపించేది ఇలాంటప్పుడే. ఆమె వద్దనుకుంటే ఏడాది తర్వాత, తన ఇష్టంతో, చదువుకుని సంతకం పెడుతుంది.

పేర్లు మార్పించడం మాత్రం ఆపకండి. తెలంగాణలో పొలానికి విరాసత్ (వారసుల పేరు మీదకు మార్పు) భూభారతి పోర్టల్‌లో, ఆంధ్రలో మ్యుటేషన్ రెవెన్యూలో, ఇంటికి పన్ను పేరు మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో. బండి ఉంటే ఆర్‌టీఏకు 30 రోజుల్లో తెలియజేసి మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్చుకోవాలి. అప్పటిదాకా ఎవరైనా నడుపుతుంటే ఇన్సూరెన్స్ ఉందో లేదో చూసుకోండి. గొడవ ముదిరితే అమ్మకు ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, మహిళలకు ఆదాయంతో పనిలేదు, 15100కు ఫోన్ చేయొచ్చు.

పెద్ద మొత్తం వచ్చినప్పుడు అది అమ్మ పేరునే ఉండాలి. ఆమె అకౌంట్‌లో పడిన వారానికే బంధువుల్లో ఒకరు రెండు రూపాయల వడ్డీకి అడుగుతారు, ఇంకొకరు ప్లాటు చూపిస్తారు, బ్యాంకులోనే ఒకరు కూర్చోబెట్టి పదేళ్లు ప్రీమియం కట్టాల్సిన పాలసీ అంటగడతారు. అందరికీ ఒకే జవాబు: "సంవత్సరీకం అయ్యేదాకా ఏమీ అనుకోవట్లేదు." మనవాళ్లు ఆ మాటకు మారుమాట చెప్పలేరు. ఆరు నెలల ఇంటి ఖర్చు సేవింగ్స్‌లో పెట్టి మిగతాది చిన్న చిన్న డిపాజిట్లుగా విడగొడితే అవసరానికి ఒకటి తీసుకోవచ్చు, మొత్తం కదలదు.

మనుషుల సంగతి

చిన్నపిల్లలకు నాన్న ఊరెళ్లాడని, నిద్రపోయాడని చెప్పకండి. చనిపోయారు, ఇక రారు, నీ వల్ల కాదు, నిన్ను చూసుకోవడానికి మేమున్నాం, అని వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. అడిగిన ప్రతిసారీ అదే చెప్పండి. ఊరెళ్లాడన్న మాట నమ్మిన పిల్ల నెలల తరబడి గేటు చప్పుడైనప్పుడల్లా పరుగెడుతుంది.

పదిహేనేళ్ల కుర్రాడి భుజం మీద చెయ్యేసి "ఇక నువ్వే ఇంటికి పెద్దదిక్కు, ఏడవకూడదు" అనే పెద్దమనిషి ప్రతి చావింట్లో ఒకరుంటారు. ఆ మాట అన్నవాళ్లు భోజనం చేసి వెళ్లిపోతారు, వాడు మాత్రం ఆ మాటతోనే పెరుగుతాడు. వాడిని ఏడవనివ్వండి, క్రికెట్‌కు వెళ్తానంటే వెళ్లనివ్వండి. ఇంటర్ మానేసి పనికి వెళ్తానంటే వద్దనండి, ముందు కాలేజీలో విషయం చెప్పి ఫీజుకు గడువు అడగండి. నాన్న జీతం ఆగిపోయింది కాబట్టి కొత్తగా ఆదాయ ధ్రువీకరణ పత్రం తీసుకోండి. ఇంతకుముందు రాని ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇప్పుడు రావొచ్చు.

అమ్మ తిందా, బీపీ షుగర్ మాత్రలు వేసుకుందా అన్నది రోజూ ఒకరు చూడాలి. చాలామంది ఈ నెలల్లోనే మాత్రలు మానేసి ఆసుపత్రి పాలవుతారు. ఆమె గదిలో కొన్నాళ్లు ఎవరైనా పడుకోండి. నాన్న చొక్కాలు, కళ్లజోడు ఎప్పుడు తీయాలో ఆమె ఇష్టం, ఇల్లు సర్దుతున్నామని మీరు తీసేయకండి. డబ్బు మాటలకు వారంలో ఒక పూట, ఆదివారం ఉదయం అనుకోండి, పెట్టుకుని మిగతా రోజుల్లో ఆ మాట ఎత్తకపోతే ఇంట్లో మామూలు మాటలకు చోటు ఉంటుంది. నాన్న గురించి నవ్వుకునే మాటలు కూడా వస్తాయి, వచ్చినప్పుడు ఎవరూ తప్పుగా అనుకోకండి.

"ఆ రోజే హైదరాబాద్ తీసుకెళ్లుంటే", "నువ్వు లేటు చేశావు" అనే మాటలు అన్నదమ్ముల మధ్య వస్తాయి. ఆ రోజు తెలిసినదాన్ని బట్టి ఆ రోజు నిర్ణయం తీసుకున్నారు, దాన్ని ఆస్తి మాటల్లోకి మాత్రం లాగకండి. ఎవరైనా వారాల తరబడి నిద్ర లేకుండా, తిండి లేకుండా ఉన్నా, తాగుడు పెరిగినా, నేనూ పోతే బాగుండు అన్నా, అది మామూలు బాధ అని సరిపెట్టుకోకండి. మానసిక బాధలకు ప్రభుత్వం నడిపే టెలి-మానస్ నంబర్ 14416, ఎప్పుడైనా చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పక్కన కూర్చుని మీరే కలిపి ఫోన్ చేతికివ్వండి.

ఇంకొక్క పని మిగిలింది, దాదాపు అందరూ మరిచిపోయేది. మీ బ్యాంకు అకౌంటు, పీఎఫ్, పాలసీల్లో నామినీ ఎవరో తీసి చూడండి. పెళ్లికి ముందు తెరిచినవైతే చాలావాటిలో నాన్న పేరే ఉంటుంది. అమ్మ అకౌంట్లలో కూడా ఆయన పేరే ఉంటుంది. అమ్మతో బ్యాంకుకు వెళ్లిన రోజునే ఆ ఫారాలు కూడా అడిగి మార్పించండి.